గడియ లేని గది

ఈ మధ్య మా నిరోష పాటలు విన్నవాళ్ళంతా ఒకే మాట అంటున్నారు. మునుపటి పాటల్లో మాటలు నములుతున్నట్టు ఉండేది, ఈసారి బాణీలు ఎంత తీయగా ఉన్నాయో అని. హైదరాబాదు నుంచి ఎవరో ఫోన్ చేసి, ఇంత తీపి ఎక్కడి నుంచి వచ్చిందమ్మా అని అడిగారట. అది నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోను. పేరుకే సుకుమారిని, నా నోటి సంగతి ఆత్మకూరులో నా టైలరింగ్ షాపుకు వచ్చే ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ తీపి ఉదయగిరిలో మా అన్న ఇంటి పక్క వాటా నుంచి వచ్చింది. రాహేలమ్మ గొంతులోంచి వచ్చింది.

నిరోష మా అన్న యేసురత్నం కూతురు. తల్లి పోయేనాటికి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇప్పుడు ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, ఇంత అన్నం తిని, తన గదిలో దూరి గడియ పెట్టుకుంటుంది. ఆ గది ఏపాటిదని, మంచం వేస్తే నిలబడడానికి చోటుండదు. అదే దాని స్టూడియో. బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య మైకు వేలాడదీసి, నెత్తిన దుప్పటి కప్పుకుని పాడుతుంది. చప్పుడు పడుతుందని ఫ్యాను కూడా ఆపేస్తుంది. మా ఉదయగిరి ఎండల్లో ఫ్యాను లేకుండా దుప్పటి కప్పుకున్న మనిషిని చూసి, దీనికి పిచ్చి గాని పట్టలేదు గదా అనుకున్నాను. తాళానికి ఊళ్ళో చేసే చెక్క గరిటెలు కొట్టుకునేది. గొంతు పైకి లేపేది కాదు. పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు గుసగుసగా పాడేది. ఇదేం పాటే, జ్వరమొచ్చిన మనిషి కలవరిస్తున్నట్టు అని ఎన్నిసార్లు ఏడిపించానో. గదిలో పాడుకునే పాట గదికి సరిపోయేంతే ఉండాలి అనేది. వినేవాళ్ళు కొద్దిమందే. అయినా ఆ గదీ, ఆ మూసిన తలుపూ దానికి ప్రాణం.

చర్చిలో మాత్రం గొంతు విప్పేది. గుడ్ ఫ్రైడే నాడు ఒక్కరే పాడే పాట చిన్నప్పటి నుంచీ దానిదే. ఆ పాట తన మనవరాలికి రావాలని రాహేలమ్మకు ఎన్నాళ్ళ నుంచో ఉంది.

రాహేలమ్మ రిటైరైన టీచరు, మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె వాటాకూ నిరోష గదికీ మధ్య ఒకటే గోడ. రోజూ మధ్యాహ్నం మూడింటికి మోకాళ్ళ మీద కూర్చుని వీధి వినేటట్టు ప్రార్థన చేస్తుంది. మా చర్చిలో ఇంకో అలవాటు ఉంది. గురువారం స్త్రీల కూడికలో ఒక్కొక్కరే లేచి ప్రార్థన అవసరతలు చెప్పుకుంటారు. ఫలానావాళ్ళకు ఒంట్లో బాగాలేదు, ఫలానా పిల్లకు పరీక్షలు అని. మంచి అలవాటే, కాదనను. కానీ వీధిలో చెబితే చాడీ అయ్యే మాట అక్కడ లేచి నిలబడి చెబితే భక్తి అయిపోతుంది. ఆ విద్యలో రాహేలమ్మను మించిన మనిషి అటు వింజమూరు దాకా, ఇటు కలిగిరి దాకా వెతికినా దొరకదు.

పోయిన గుడ్ ఫ్రైడేకు ముందు కూడికలో ఆమె లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"యేసురత్నం బిడ్డ కోసం ప్రార్థన చెయ్యండమ్మా. మిట్ట మధ్యాహ్నం తలుపుకు గడియేసుకొని గుసగుసలాడతా ఉండాది. లోపల మగమనిషి గొంతు కూడా నా చెవిన పడినాది. తల్లి లేని పిల్ల, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతాది."

అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి మాట బజారెక్కింది. నిప్పు లేనిదే పొగ రాదు అన్నారు. కొంతకాలం విశ్రాంతి తీసుకోమ్మా అని పాస్టరుగారు నిరోషకు మెల్లగా చెప్పారు. గుడ్ ఫ్రైడే పాట రాహేలమ్మ మనవరాలు పాడింది. మా అన్న సంఘ పెద్ద, పరువంటే చచ్చేంత భయం. కూతుర్ని ఒక్క మాట అడగలేదు. స్క్రూడ్రైవరు తెచ్చి గది తలుపుకున్న గడియ ఊడదీసి తన ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాడు. ఆ తలుపు అసలే వంకర, గడియ లేకపోతే తనంతట తానే తెరుచుకుంటుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల బట్టలు మార్చుకోవాలన్నా తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకునే గతి పట్టింది.

తెలిసిన మరునాడే షాపు మూసి బస్సెక్కాను. దారి పొడుగునా రాహేలమ్మను ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను. ముందు మా అన్నను కడిగేశాను. ఆ గుసగుసలు పాటలని నీకు తెలియదా అని అడిగాను. తల వంచుకుని, ఊరు నమ్మినాక నాకు తెలిస్తే ఏం లాభం అన్నాడు. తండ్రి అనే మాటకే సిగ్గుచేటు అని, పక్క వాటా మీదికి పోబోయాను. నిరోష నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు అరిస్తే ఒక్కపూట వింటారత్తా. నేను చాన్నాళ్ళు వినపడాలనుకుంటా ఉండాను."

దాని కళ్ళలో నీళ్ళ చుక్క లేదు. ఇది నా మేనకోడలే అని నాకు ఆ రోజు గట్టిగా అనిపించింది.

తెరిచిన గదిలో అది పాడలేదు. మూడింటికి గోడకు ఫోను ఆనించి, రాహేలమ్మ ప్రార్థన రికార్డు చేసుకుంటూ కూర్చుంది. అంతకు ముందు ఆ ప్రార్థన పాటల్లో దూరితే తిట్టుకుంటూ చెరిపేసేది. ఇప్పుడు రోజూ దాచుకుంది. గోడలకు చెవులుంటాయంటారు, ఆ గోడకు నోరు కూడా ఉంది. ఒక్కటి ఒప్పుకోవాలి, రాహేలమ్మ మాటకు విషముంది గాని గొంతుకు లేదు. తండ్రీ అని పైకి లేస్తుంది. ఎవరి పేరో ఎత్తి వంపు తిరుగుతుంది. ఆమెన్ దగ్గర మెల్లగా కిందికి దిగుతుంది. నిరోష ఆ ఎత్తుపల్లాలు మాత్రం పట్టుకుని, ఆమె మాటలు తీసేసి, తన మాటలు పెట్టింది. ఆదివారాలు అందరూ చర్చికి పోతే అది ఆత్మకూరు బస్సెక్కి నా దగ్గరికి వచ్చేది. షాపు వెనక గదిలో గుడ్డ తానుల మధ్య నిలబడి పాడేది. దుప్పటి లేదు, గుసగుస లేదు, నిండు గొంతు. ఇదేంది ఇంత మారిపోయినావు అని అడిగాను.

"మూసుకొని పాడితే తప్పన్నారు గదత్తా" అంది.

'గోడవతల' అని పేరు పెట్టి ఆ పాటలు ఒక్కొక్కటే నెట్లో వదిలింది. ఏం పాకినాయి! బడిపిల్లలు పాడారు, ఆటోల్లో మోగాయి, నా షాపులో మిషన్ల మీద ఆడపిల్లలు పాడుకుంటూ కుట్టారు. అన్నిటికంటే తమాషా రాహేలమ్మది. అరుగు మీద చింతపండు గింజ తీస్తూ అవే బాణీలు కూనిరాగం తీసేది. తన గొంతు వంపులు తనకు నచ్చకుండా ఎట్లా ఉంటాయి? పాడితే ఇట్లా పాడాలే అని మనవరాలికి చెప్పేదట. అది విన్న రోజు నాకు అన్నం తినకుండానే కడుపు నిండింది.

నిరోషకు నిండలేదు. ఇంకొక పాట ఉంది, విని చెప్పు అని హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించింది. నేను జాకెట్టు గుడ్డ కత్తిరిస్తున్నాను. పాట అన్నిటికంటే తీయగా సాగింది. చివర చెక్క గరిటెల తాళం ఆగిపోయింది. గోడ అవతలి నుంచి రాహేలమ్మ అసలు గొంతు, వీధికి వినపడనంత మెల్లగా వచ్చింది.

"తండ్రీ, యేసురత్నం బిడ్డ గదిలో మగగొంతు నేను వినలేదు. నీ కాడ దాస్తే దాగుతాదా? నా మనవరాలికి ఆ పాట రావాలని ఒక మాట కలిపినాను. క్షమించు తండ్రీ. ఆమెన్."

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. అంటే అబద్ధమని తెలుసు, దేవుడికి చెప్పుకుంది కూడా. చెప్పుకుని, లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగింది. ఇవతల పిల్ల గడియ లేని గదిలో కూర్చునే ఉంది. ఇంతకంటే పాపం ఉంటుందా?

దేవుడికి చెప్పుకున్న మాట, బయట పెడితే తప్పేమో అని నిరోష వెనకాడింది. నాకూ ఒక్క క్షణం గుండె జంకింది, అబద్ధం చెప్పను. కానీ ఆ ఊడదీసిన గడియ, తలుపు మీద మిగిలిన బెజ్జాలు కళ్ళ ముందు మెదిలాయి.

"దేవుడి కాడ క్షమాపణ అడిగింది సరే. నీ కాడ అడిగిందా? దేవుడు విన్న మాట ఊరు వింటే ఏం పోతాది? వెయ్యి" అన్నాను.

వేసింది.

ఆ గురువారం నేను పనిగట్టుకుని ఉదయగిరి కూడికకు పోయాను. ప్రార్థన ఇంకా మొదలు కాలేదు. నిరోష కొత్త పాట వచ్చిందంట, పెట్టండే అని అడిగింది ఎవరనుకున్నారు, రాహేలమ్మే. ఎవరో ఫోనులో పెట్టారు. ఆమె చాప మీద కూర్చుని తొడ మీద తాళం వేసింది, తల ఊపింది. చివర తన గొంతు తనకే వినిపించేసరికి చెయ్యి తొడ మీదే నిలిచిపోయింది. తాను తీసిన గోతిలో తానే పడింది. ఆడవాళ్ళంతా తలలు వంచుకున్నారు, ఈసారి ప్రార్థనకు కాదు.

"అది నేను దేవుడితో చెప్పుకున్నానమ్మా" అంది చిన్న గొంతుతో.

ఆ సాయంత్రం మా అన్న ట్రంకుపెట్టె తెరిచి, గడియ తీసి, పాత బెజ్జాల్లోనే బిగించాడు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు, స్క్రూలు తిప్పుతూ ఏడ్చాడు. పాస్టరుగారు ఇంటికే వచ్చి, ఈ ఆదివారం నుంచి పాడమ్మా అన్నారు. నిరోష కుర్చీ వేసి, టీ ఇచ్చి, విశ్రాంతి తీసుకోమన్నారు గదయ్యగారూ, ఇంకా తీరలేదు అంది. అన్ని తిట్లు తెలిసిన నాకు ఆ ముక్క తట్టేది కాదు.

ఇప్పుడది గడియ వేసుకుని మళ్ళీ పాడుకుంటోంది. గోడకు ఫోను ఆనించడం మానేసింది. ఆ సంగతి చెప్పినా రాహేలమ్మ నమ్మదు. మూడయ్యేసరికి కిటికీలు మూసి, తలుపుకు గడియ పెట్టి, ఎవరికీ వినపడకుండా ప్రార్థన చేసుకుంటుంది. పాపం, ఇక వదిలెయ్యత్తా అంది నిరోష. వదలడం నాకు చేతనైతే ఈ కథ ఎందుకు చెబుతాను?

పోయిన గురువారం మళ్ళీ కూడికకు పోయాను. ప్రార్థన అవసరతలు ఉంటే చెప్పండమ్మా అన్నారు. లేచి నిలబడ్డాను. కొంగు తల మీదికి లాక్కున్నాను. రాహేలమ్మ గోడకు ఆనుకుని వెనక కూర్చుని ఉంది.

"రాహేలమ్మ గారి కోసం ప్రార్థన చెయ్యండమ్మా. మిట్ట మధ్యాహ్నం తలుపుకు గడియేసుకొని గుసగుసలాడతా ఉండాది. లోపల ఎవరుండారో నాకు తెలీదు. పెద్ద వయసు మనిషి, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతాది."

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. రాహేలమ్మ మొహం చూస్తూ అందరితో పాటు ఆమెన్ అన్నాను.