ఆదోని బండల్లో లేని నత్త

నా చిన్నప్పుడు, ఆదోని దగ్గర పల్లెలో మా తాతయ్య తన చేలో బావి తవ్వించాడు. కొంత లోతు దిగేసరికి బండ తగిలింది. కూలీలు చేతులెత్తేశారు. తాతయ్య కూడా ఇక వద్దులే అనుకుని గడ్డపార తెచ్చి ఇంట్లో ఓ మూల పెట్టేశాడు. నాకు మాత్రం తవ్వి పోసిన ఆ రాళ్ళ గుట్టలో ఆడుకోవడమంటే మహా ఇష్టం.

మా మామ, అంటే తాతయ్య కొడుకు, లారీ డ్రైవరు. ఆదోని పత్తి వేసుకుని దేశమంతా తిరిగేవాడు. ఇంటికొస్తే నన్ను ఏదో ఒకటి చేసి మురిపించకపోతే ఆయనకు తోచదు. ఒకరోజు ఆ గుట్టలో నాకు రాయిగా మారిన నత్త దొరికింది. మెలికలు తిరిగిన గుల్ల, చిటికెన వేలంత ఉంది. పట్టలేని సంతోషంతో కేకలు పెడుతూ ఇంటికి పరిగెత్తాను. మామ అప్పటికే లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

తాతయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నత్త ఉందంటే కింద నీళ్ళున్నట్టే అని ఆయన నమ్మకం. ఆ సాయంత్రమే మళ్ళీ బావిలోకి దిగాడు. ఎవరు చెప్పినా వినలేదు. రోజూ ఒక్కడే ఆ బండను కొట్టాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోతే అవ్వ పసుపు రాసి గుడ్డ కట్టేది, అన్నం కూడా తనే కలిపి తినిపించేది. నేనేమో నత్తను గౌను జేబులో వేసుకుని, నా వల్లే బావిలో నీళ్ళు పడబోతున్నాయని ఊరంతా గొప్పలు చెప్పుకుంటూ తిరిగాను.

మామ తిరిగొచ్చి ఆ కట్లు చూసి, సంగతి విని, గుమ్మంలోనే కూలబడ్డాడు.

“నాయనా, ఆ నత్త ఈడిది కాదు. రాజమండ్రి పక్క క్వారీలో ఏరుకొచ్చినా. పాప మురిసిపోతాదని నేనే ఆ రాళ్ళల్లో ఏసినా. ఎప్పుడో సముద్రమున్న తావుల్లోనే అవి ఉంటాయంట. అరవదేశంలో అరియలూరు కాడ గూడా చూసినా. మన బండల్లో యాడా ల్యావు.”

ఆ మాటలంటున్నంతసేపూ తండ్రి ముఖం వైపు చూడలేకపోయాడు. తాతయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేదని మామ తర్వాత చాలాసార్లు అన్నాడు. తాతయ్య కట్లు కట్టిన చెయ్యి చాచి నా దగ్గర నత్తను తీసుకుని మామకిచ్చాడు.

“దీన్ని దాని తావులోనే పెట్టిరా పో. ఈడుంటే ఇంకెవడో నమ్మి తవ్వుతాడు.”

ఇప్పటికీ నేను ఎవరికి ఏది ఇచ్చినా అది ఎక్కడిదో ముందే చెప్పేస్తాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. కానీ ఆ రోజు తలచుకుంటే మాత్రం ఈ వయసులోనూ తలెత్తుకోలేను. మామ నత్తను తీసుకుంటుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను. తన చేతులు చూసే ఏడుస్తున్నాననుకుని, పాపం తాతయ్య ఆ కట్లతోనే నా తల నిమిరాడు. నేను ఏడ్చింది నత్త పోతోందని.