మూసేసిన గీత

ఎనభయ్యో దశకం నడుమ ఒక చలికాలం, మేము పరాయిదేశంలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న రోజుల్లో, ఆస్ట్రేలియా ఎడారి నుంచి వయసు మళ్ళిన ఒక ఆదివాసీ చిత్రకారిణి మా లైబ్రరీకి వచ్చింది. రెండు రోజుల వర్క్‌షాప్. శనివారం మధ్యాహ్నం పదేళ్ళ మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. కొత్త కథ దొరికితే నాలుగు కోతలు కలిపి పార్టీల్లో చెప్పుకోవచ్చని నా ఆశ.

ఆమె తలో అట్ట ఇచ్చి, తన అట్ట మీద చుక్కలు పెడుతూ, చనిపోయిన వాళ్ళమ్మ నీటిగుంట వెతుక్కుంటూ నడిచిన దారి గురించి చెప్పింది. మధ్యలో టీ కోసం లేచి వెళ్ళింది.

చుక్కలు కనిపిస్తే ముగ్గులేసిన చెయ్యి ఊరుకుంటుందా? గీత గీయడం మరిచిపోయింది కాబోలనుకుని, ఆమె తెల్లరంగులోనే కుంచె ముంచి, ఆమె అట్ట మీది నీటిగుంట చుట్టూ చుక్కలన్నీ మెలికలు తిప్పి కలిపేశాను. మొదలుపెట్టిన చోటికే తెచ్చి మూసేశాను.

ఆమె తిరిగొచ్చి చూసింది.

"ఎవరు మూశారు? మా అమ్మ లోపలే ఉండిపోయింది."

"పిల్లలెవరో అయ్యుంటారు," అన్నాను. మా అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మంచులో మా ఇంటి చుట్టూ అడుగులు. చెప్పుల్లేని పాదాలు. తిరిగి తిరిగి మొదటికే వచ్చాయి. వీధిలోంచి వచ్చిన జాడ లేదు, పోయిన జాడ లేదు.

మా ఆయన్ని పిలిచాను.

"మళ్ళీ మొదలెట్టావా? పక్కింటి కుక్కే."

"కుక్కకి బొటనవేలు ఉంటుందా డాడీ?" అంది మా అమ్మాయి. తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అమ్మా, ఆ గ్రాండ్మాకి ట్రూత్ చెప్పు. ఆవిడ మదర్ ఇంకా బయటికి రాలేదు."

ఆదివారం అందరికంటే ముందే వెళ్ళాం.

"మూసింది నేనే. అబద్ధం చెప్పాను."

"తెలుసు. నిన్న నీ వేలికి తెలుపుంది." కుంచె నా చేతిలో పెట్టింది. "నువ్వే తెరువు."

మట్టిరంగు చుక్కలతో ఒక్కచోట, రెండు వేళ్ళ వెడల్పున, గీతను కప్పేశాను.

"ఈ కథ నేను ఎవరికైనా చెప్పొచ్చా?"

"నీ తప్పు నీది, చెప్పుకో. దారి మాది."

అందుకే వాళ్ళమ్మ ఎటు నడిచిందో ఇన్నేళ్ళలో నేనెక్కడా నోరు జారలేదు.

ఇంటికొచ్చేసరికి, వలయంలోంచి విడివడిన ఒక వరుస అడుగులు వీధి దాకా వెళ్ళి ఉన్నాయి. మా అమ్మాయి వాటి మీద కాలు పడకుండా పక్కగా నడిచింది. నేనూ అలాగే నడిచాను.