మా వాషింగ్ మెషిన్ అలిగిన దసరా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడలా కాదు లెండి, వయసు పెరిగేకొద్దీ తెలియనివి ఇంటినిండా పేరుకుపోతున్నాయి. కానీ మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, మద్రాసు అంబత్తూరులో కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరిన కొత్తలో మాత్రం, మా చింతాద్రిపేట వీధిలో ఏ ఆటో మొరాయించినా ఒక్క క్షణం ఆగి, ఇంజిన్ వైపు చూసి, తల పంకించి మరీ వెళ్లేదాన్ని. (ఎవరూ అడిగేవారు కాదు. అయినా పంకించేదాన్ని.) నిజానికి ఫ్యాక్టరీలో నా పని, బెల్టు మీద వరసగా వచ్చే ప్లాస్టిక్ మూతలు అట్టపెట్టెల్లో సరిగ్గా పడుతున్నాయో లేదో చూడటం. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు, "ప్రొడక్షన్‌లో ఉన్నాను" అన్నాను. మా నైనా, పాత బండ్ల సామాన్లకు పేరుపడ్డ పుదుపేటలో ఒక స్పేర్ పార్టుల అంగడిలో పనిచేసేవాడు. బ్రేకు వైరు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లకు కూడా "మా పాప ఇంజనీరు" అని చెప్పి పంపేవాడు. కన్నతండ్రి అంతగా మురిసిపోతుంటే మూతల సంగతి చెప్పబుద్ధవుతుందా, మీరే చెప్పండి.

మా ఇంటికి వాషింగ్ మెషిన్ రావడానికి కారణం అమ్మ కుడిచేయి. ఏళ్ల తరబడి బట్టలు ఉతికి, పిండి, ఆ మణికట్టు వాచిపోయింది. ఇక మీదట తడిగుడ్డ మెలితిప్పితే చేయి పనికిరాకుండా పోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పుడు నైనా మెషిన్ తెచ్చాడు. అమ్మ సంతోషించింది. మా అవ్వ, అంటే నైనా వాళ్లమ్మ, సంతోషించలేదు. ఆవిడ లెక్కలో బండకేసి బాదితేనే అది ఉతుకు. "అది లోపలేసుకొని గుడగుడమని తిప్పితే మురికి యాడికి పోతాది? ఆ నీళ్లల్లోనేగదా ఉండేది? దాంట్లోనే ముంచి దాంట్లోనే తీస్తే సరిపోయెనా?" అని మెషిన్ తిరుగుతున్నంతసేపూ దాని ఎదుటే ముక్కాలిపీట వేసుకొని కూర్చొని అడిగేది. మెషిన్ జవాబు చెప్పేది కాదు. అమ్మా చెప్పేది కాదు. తన రెండు చీరలు మాత్రం అవ్వ దానికి ఇచ్చేది కాదు, పెరట్లో బోరు పంపు పక్కనున్న బండ మీద తానే ఉతుక్కునేది.

అంతలో దసరా వచ్చింది. మద్రాసులో ఆయుధపూజ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ పూట కత్తెర మొదలుకొని కారు దాకా అన్నిటికీ సెలవు. అన్నిటినీ కడిగి, గంధం పూసి, కుంకుమ పెట్టి, పొరి (అదే, బొరుగులు), వేయించిన శనగపప్పు, బెల్లం కలిపి నైవేద్యం చూపిస్తారు. మా ఇంట్లో ఈ శాఖ మొత్తం అవ్వది. కత్తిపీటకు, మిక్సీకి, నైనా స్కూటరుకు, నా స్క్రూడ్రైవర్ల పెట్టెకు బొట్లు పెట్టుకుంటూ వచ్చి, మేమెవరమూ ఊహించని విధంగా వాషింగ్ మెషిన్ ముందు కూడా ఆగింది. నేనూ అమ్మా ముఖముఖాలు చూసుకున్నాం. అవ్వ దాని నుదురెక్కడో కాసేపు వెతికింది. చివరికి అంకెలు వెలిగే చిన్న అద్దం మీద, ఇక అంకెల ఊసే లేకుండా, అరచేతి మందాన గంధం మెత్తి, నడుమ కుంకుమ దిద్ది, ఒక చామంతి కూడా అతికించింది. కొత్త పెళ్లికూతురికి కూడా అంత శ్రద్ధగా పెట్టి ఉండరు. మేం హారతికి పళ్లెం సర్దుతుండగా ఆవిడ దాని దగ్గరే ఇంకాసేపు ఏదో సవరిస్తూ ఉండిపోయింది.

మర్నాడు విజయదశమి, పని మొదలుపెట్టాల్సిన మంచిరోజు. అమ్మ మూటెడు బట్టలు వేసి మీట నొక్కింది. నీళ్లు పట్టింది, తిప్పింది, నీళ్లు వదిలింది. బట్టలు పిండాల్సిన సమయానికి కీ కీ కీ అని అరిచి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ కీ కీ కీ. లోపల బట్టలన్నీ నీళ్లోడుతూ ముద్దగా పడున్నాయి. అమ్మ ఒక్కొక్కటే తీసి, ఎడంచేత్తో పట్టుకొని కుడిచేత్తో పిండబోయి, పెదవి కొరుక్కుంది. "నేను చూస్తాలే, పక్కకు రా మా" అన్నాను. ఆ మాటలో ఎంత గాంభీర్యం ఉందంటే, నైనా పేపరు మడిచి పక్కనపెట్టి ఇటు తిరిగి కూర్చున్నాడు.

రోగం కనిపెట్టడంలో నాకొక పద్ధతి ఉండేది. ముందు పెద్ద జబ్బు అనుకోవడం, తర్వాత దానికి తగిన లక్షణాలు వెతకడం. మొదట మోటారు బెల్టు తెగిందన్నాను. మెషిన్ని పక్కకు వాల్చి చూస్తే బెల్టు నిక్షేపంలా ఉంది. అయితే నీళ్లు వదిలే గొట్టంలో అడ్డమన్నాను. గొట్టం ఊడదీస్తే అందులోంచి నైనా చొక్కా గుండీలూ, నా తలపిన్నూ వచ్చాయి గాని, జబ్బు రాలేదు. (ఆ గొట్టంలో మిగిలిన నీళ్లు వంటింట్లోకి కూడా వచ్చాయి. ఆ వైభోగం ఇక్కడ వర్ణించను.) లోపం ఏమిటో ఆ అద్దం మీద అక్షరాల్లో చూపిస్తుందని నాకు తెలియక కాదు. గంధం తుడవబోతే అవ్వ చేయి పట్టుకుంది.

"యాడన్నా పెట్టిన బొట్టు తుడస్తారా మే? దానంతట అది రాలాల. నీ చదువులో ఇదేనా చెప్పింది?"

"చదివింది పనికిరావాలంటే అక్షరాలు కనబడాలిగదా అవ్వా."

"అక్షరం చూస్తేనే తెలుస్తాదా నీకు? మొగం చూసి చెప్పలేవా?"

ఇంజనీరన్నాక మొహం చూసి చెప్పాలి కదా. రోషం వచ్చింది. అద్దం జోలికి పోకుండా, వెనక రేకు విప్పి, లోపలి రంగురంగుల వైర్లను చాలాసేపు చూసి, చివరికి ఎవరూ కాదనలేని తీర్పు ఒకటి చెప్పాను: "బోర్డు పోయింది." బోర్డు అంటే ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు, అందువల్ల అందరూ నమ్మేశారు. అది మార్చడం కన్నా కొత్త మెషిన్ కొనడం నయమని కూడా చేర్చాను. నైనా చాలాసేపు గడ్డం గోక్కుని, "కొత్తదంటే ఇప్పుడయ్యే పని కాదు పాపా. వచ్చే దసరాకు చూస్తాం. దీన్ని కాయలాంకడకు ఇచ్చేస్తాం, ఆదివారం మజ్జాన్నం వచ్చి ఎత్తుకొని పోతాడు" అన్నాడు. కాయలాంకడ అంటే మా వైపు పాత ఇనుప సామాన్లు కొనే అంగడి. పుదుపేట మనిషికి ఆ స్నేహాలకు లోటుండదు.

అమ్మ ఆ సాయంత్రం పెరట్లోకి వెళ్లి, బండ మీద పట్టిన పాచి కొబ్బరిపీచుతో తోమి కడిగింది. ఆ చప్పుడు వింటుంటే నాకు అన్నం సయించలేదు. వచ్చే దసరా దాకా అని నైనా ఎంత సులువుగా అన్నాడో, ఆ చేయి అంత సులువుగా తట్టుకునేది కాదని నాకు తెలుసు. తీర్పు చెప్పింది నేను, శిక్ష పడింది అమ్మకు. అయినా, "ఇంకోసారి చూస్తాను" అనడానికి నోరు రాలేదు. ఇంజనీరు ఒకసారి చెప్పాక మళ్లీ చూడటమేమిటి?

ఆదివారం పొద్దున మెషిన్ని వాకిట్లోకి జరపడానికి ముందు దాన్ని ఒకసారి తుడుద్దామని గుడ్డ పట్టుకొని వెళ్లాను. గోడ మీద చీమలబారు. అది గోడ దిగి, మెషిన్ పక్కగా ఎక్కి, మూత అంచు కిందకు దూరుతోంది. మూత ఎత్తి చూశాను. మూత ముందు భాగాన ఒక ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, మూత వేయగానే అది కింద ఉన్న సన్నని బెజ్జంలోకి దిగి లోపలి మీటను నొక్కుతుంది. అప్పుడుగాని మూత పడిందని మెషిన్‌కు తెలియదు, తెలిస్తేగాని బట్టలు పిండదు. ఆ బెజ్జం అంచుల దాకా నిండి ఉంది. తలపిన్నుతో గెలికితే ముందు ఒక శనగబద్ద, ఆ వెనక బెల్లంతో గట్టిపడిన బొరుగుల ముద్ద, ఆ ముద్దతో పాటు చీమల సంసారాలు బయటపడ్డాయి. (గంధం కింద ఆ అద్దం ఇన్నాళ్లూ "మూత వేయండి, మూత వేయండి" అని మొత్తుకుంటూనే ఉండి ఉంటుంది, పాపం.)

"అవ్వా, ఇట్రా. ఇదేంది?"

అవ్వ వచ్చి నా అరచేతిలోకి తొంగిచూసింది. మొహంలో తప్పు చేసిన ఛాయ మచ్చుకైనా లేదు. "పొరి. కనపళ్లేదా?"

"దీంట్లోకి ఎట్ల పోయింది?"

"నేనే పెట్నా. దినమూ ఇంతమంది గుడ్డలు ఉతకతా ఉండాది, అది ఉతికేది ఉతుకో కాదో అది వేరే. పండగపూట పళ్లెం దానికి చూపించి, మళ్ల మనమే లాక్కొని తినేస్తే బాగుంటాదా? ఆడ నోరు మాదిరి కనబడె. రవ్వంత పెట్నా."

బండ దగ్గర నానబెట్టిన బట్టలు వదిలేసి అమ్మ వచ్చి నిలబడింది. నా చేతిలోని ముద్దను చూసింది, అవ్వను చూసింది. ముందు పెదవుల చివర మొదలైన నవ్వు ఆపుకోలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని భుజాలు అదిరేలా నవ్వింది. నవ్వు కాస్త తగ్గాక, అదే మొహంతో, నెమ్మదిగా అంది: "ఇన్నేండ్లు నేనూ ఉతికినానే అత్తా. నా నోట్లో ఒకసారన్నా ఇట్ల పెట్టినారా?"

"నువ్వు అడిగినావా?" అంది అవ్వ.

"అదేమన్నా అడిగిందా?"

అవ్వ కొంగు సవరించుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది. కోపం వచ్చిందేమోనని నైనా నా వైపు చూశాడు. నేను బెజ్జం శుభ్రంగా తుడిచి, అమ్మ నానబెట్టిన బట్టలు తెచ్చి మెషిన్లో వేసి, మీట నొక్కాను. నీళ్లు పట్టింది, తిప్పింది, వదిలింది. ఒక్క క్షణం ఆలోచించి, ర్‌ర్‌ర్ మని పిండటం మొదలుపెట్టింది. నైనా వెంటనే ఫోను తీసి, "వద్దప్పా, రావద్దు. ఈడ బతికొచ్చింది" అన్నాడు.

అప్పుడు అవ్వ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో డబరా, టంబ్లరు, పొగలు కక్కే కాఫీ. అది నైనాకనుకొని ఆయన చేయి చాపాడు కూడా. అవ్వ ఆయన్ని దాటిపోయి, తాను రోజూ కూర్చునే ముక్కాలిపీటను కాలితో అమ్మ వైపు తోసి, కాఫీ ఆమె చేతికిచ్చింది.

"కూర్చో మే. చాలు నిలబడింది. అది చేసుకుంటాది."

అమ్మ కూర్చుంది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చాక ఇంకొకరు కలిపి ఇచ్చిన కాఫీ ఆమె అక్కడ తాగడం ఎప్పుడైనా చూశానా అని తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా నాకు తట్టలేదు. తాగింది, చిన్న చిన్న గుక్కలుగా, చల్లారిపోతున్నా తొందరపడకుండా. అవ్వ గోడకు ఆనుకొని ఆ పక్కనే నిలబడింది. ఇద్దరూ మెషిన్ తిరగడం చూస్తూ ఉండిపోయారు.

మరి నేనేం చేస్తున్నానంటే, స్క్రూడ్రైవర్ పట్టుకొని గుమ్మం దగ్గర నిలబడి, "ఇంజనీరంటే ఇంజనీరే" అని ఎవరైనా అంటారేమోనని ఎదురుచూస్తున్నాను. ఎవరూ అనలేదు. ఆ రోజంతా మూతి ముడుచుకొనే ఉన్నాను. ఇప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. వీలైతే ఆ గుమ్మం దాకా వెళ్లి, ఆ పిల్ల భుజం మీద చేయి వేసి, "మెషిన్ సరిగ్గానే తిరుగుతుందిలేవే, దాన్ని వదిలిపెట్టి వాళ్లిద్దరినీ చూడు" అని చెప్పాలనిపిస్తుంది.