కాంపౌండర్ మామ కొలిచిన పొట్టేలు

మా కాంపౌండర్ మామ పోయాడు. సోమవారం పొద్దున మందను తోలుకుని పొలాల్లోకి దిగానో లేదో, రెంటచింతల నుంచి ఫోనొచ్చింది. గుండెపోటంట. గొర్రెలు వాటి పాటికి అవి మేస్తా ముందుకు పోయినయి.

ఆయన నాకు మేనమామేం కాదు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. గొర్రెలున్న ప్రతి ఇంటికీ ఆయన మామే. చొక్కా జేబులో టైలరు టేపు ఎప్పుడూ ఉండేది. విత్తనపు పొట్టేలును కొనేటప్పుడు మేమంతా కొమ్ములు చూసేవాళ్లం. ఈయన వెనక్కిపోయి గొంతుక్కూచుని, టేపు తీసి వెనక కాళ్ల మధ్య బీజాల చుట్టుకొలత చూసేవాడు. ఆదివారం చర్చి బయట ఆడామగా నిలబడి ఉండగానే ఆ కొలతల సంగతి మాట్లాడేవాడు. ఎవరన్నా నవ్వితే, "సిగ్గు నీకురా, పొట్టేలుకు కాదు" అనేవాడు.

నా సంగతి చెప్పాలి. పదకొండేళ్ల కిందటి మాట. పెళ్లయి ఏడేళ్లయినా మాకు పిల్లల్లేరు. మా అమ్మ నా భార్యను గొడ్రాలని ఎదురుగానే అనేది. నాకు మళ్లీ పెళ్లి చేస్తానని సంబంధం కూడా చూసింది. నేను కాదనలా. అవునని కూడా అనకుండా అన్నం తిని లేచిపోయేవాణ్ణి. అంత మగాణ్ణి నేను.

ఆ ఏడే నా మందలో ముప్పై గొర్రెలకు ఇరవై చూలు కట్టలా. అన్నిటినీ మాచర్ల సంతకు తోలేద్దామనుకుంటున్నా. ఒక పొద్దున మామ దొడ్లోకొచ్చి, "పొట్టేల్ని పట్టరా అల్లుడా" అన్నాడు. అది మా మందకు పెద్ద. మెలిదిరిగిన కొమ్ములు. మిగతా రెండు పొట్టేళ్లను గొర్రెల దరిదాపులకు రానిచ్చేది కాదు. దాన్ని చూసుకుని నాకు చానా గర్వం.

మామ టేపు చుట్టి చూసి నవ్వాడు. "కొమ్ములు చూస్తే మూరెడు. కింద చూస్తే ఏందిరా ఇది, నిమ్మకాయంత."

గట్టు మీద కూర్చుని తీరిగ్గా చెప్పాడు. "ఎదకొచ్చిన గొర్రె ఒక పొట్టేలుతో ఆగదు. రెండు మూడింటి విత్తు లోపల కలుస్తది. అసలు పందెం అక్కడ. ఎవడి విత్తు ఎక్కువుంటే వాడి పిల్ల పుట్టే వీలు ఎక్కువ. ఎన్నో తరాలు అట్టా జరిగే, ఒంటికి మించిన బీజాలొచ్చినయి పొట్టేలుకు. గొరిల్లా ఉంది, కొండంత ఒళ్లు, దానివేమో చిన్నవి. దాని ఆడవాటి దగ్గరకు ఇంకొకడు రాడు, పందెమే లేదు. చింపాంజీ ఒళ్లు చిన్నది, వాటిల్లో ఆడది అందరితో పోతది, అందుకని దానివి పెద్దవి."

"మరి మనిషివి?" అన్నా.

"మధ్యలో. చింపాంజీకి చానా దూరం, గొరిల్లాకి కాస్త దగ్గర. మనిషి ఒంట్లో ఇంకా ఏవేవో ఈ పందెం వల్లే వచ్చినయ్యంటారు. అయ్యి ఇంకా తేలలా. తేలనిదాన్ని తేలిందని చెప్పకూడదు."

తర్వాత పొట్టేలు వైపు చూశాడు. "బయట కొట్లాట గెలవడానికి కొమ్ములు, లోపలి పందేనికి బీజాలు. వీడు బయట గెలిచాడు. లోపల పసలేదు. పసున్న వాళ్లను రానీలేదు. ఇప్పుడు తప్పు గొర్రెలదని సంతకు తోలతావా? ముందు పొట్టేల్ని చూడాలిరా."

నాకు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. "నేనేమన్నా పొట్టేలునా మామా?" అని అరిచా.

"కాదు. పొట్టేలుకు టేపు చాలు. నీకు మైక్రోస్కోపు కావాలి. రేపు నరసరావుపేట పోదాం" అన్నాడు, చాలా మామూలుగా.

నాతో బస్సెక్కాడు. ల్యాబు బయట బల్ల మీద నా పక్కనే కూర్చున్నాడు. లోపం నాదేనని తేలింది. "ఇది నీ మగతనం లెక్క కాదురా. జ్వరం లాంటిదే, ఒంట్లో ఉన్నదేదో ఈ కాయితం చెప్పింది" అన్నాడు. ఇంటికొచ్చి మా అమ్మ ముందు ఆ కాయితం పెట్టి చదివి వినిపించా. మందులు వాడినా పిల్లలు పుట్టలా. మేమిద్దరం మాత్రం ఉన్నాం, బాగానే ఉన్నాం. ఆ మనిషి రాకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తది.

మామను పూడ్చిపెట్టి సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక నా భార్య అరుగు మీద కూర్చుని చెప్పింది. "ఆ రోజు ఆయన పొట్టేలు కోసం రాలా. నేనే పోయి ఆయన గేటు దగ్గర ఏడ్చా. మా పుట్టింటికి పోతన్నా, మళ్లీ రానని చెప్పా. రెండ్రోజులు ఆగమ్మా, వాడికి సూటిగా చెబితే ఎక్కదు అన్నాడు."

పదకొండేళ్లలో మామ ఒక్క మాట బయటపెట్టలా.

"ఆగావా మరి?" అన్నా.

"ఆగా. బట్టలు సర్దిన సంచి రెండ్రోజులూ మంచం కిందే ఉంది" అంది.

ఆ రెండ్రోజులూ ఆ మంచం మీద పడుకుంది నేనే.