పెళ్లిచూపుల్లో సైరన్

బి.ఎడ్. కాలేజీలో కుక్క పాఠం చెప్పాల్సిన రోజు నాకు పొద్దున్నించే నవ్వు వస్తుంటుంది. కరీంనగర్‌లో మా ఇంటి నుంచి కాలేజీ దాకా స్కూటీ మీద ఒక్కదాన్నే నవ్వుకుంటూ పోతాను. నిజానికి ఆ పాఠంలో నవ్వడానికి ఏమీ లేదు. కుక్కకు తిండి పెట్టే ముందు గంట కొడతారు. కొన్నాళ్లకు తిండి లేకపోయినా, గంట వినగానే కుక్కకు నోరూరుతుంది. దీన్ని శాస్త్రీయ నిబంధనం అంటారు, రాసుకోండి అంటాను. పిల్లలు తలలు వంచి రాసుకుంటారు. నేను బోర్డు వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాను. వాళ్లకు కుక్క కనిపిస్తుంది, నాకేమో పట్టుచీర కట్టుకున్న నేనే కనిపిస్తాను.

మాది మందమర్రి. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు బొగ్గుగనిలో పనిచేసేవాడు. కాలనీలో మా బతుకంతా సైరన్‌తో నడిచేది. పొద్దటి సైరన్‌కు అవ్వ పొయ్యి ముట్టించేది, రాత్రి సైరన్‌కు మేం పుస్తకాలు మూసేవాళ్లం. పక్కింటివాళ్ల మేక కూడా సైరన్ వినగానే లేచి కుడితి తొట్టి వైపు మెడ చాపేది. మేకకు షిఫ్టులు తెలుసా అంటే తెలియదు, కుడితి తెలుసు.

అన్నింటిలోకి మధ్యాహ్నం సైరన్ వేరు. రెండో షిఫ్టు సైరన్‌తో పాటే మా లైను చివర నల్లాకు నీళ్లు వదిలేవారు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. బిందెలు పొద్దున్నే తెచ్చి వరుసలో పెట్టుకోవచ్చు. కానీ సైరన్ ఆగేలోపు ఎవరి బిందె మీద వాళ్ల చెయ్యి పడాలి. పడకపోతే ఆ బిందె వరుస చివరకు పోతుంది, చివరి బిందెకు వచ్చేసరికి నల్లాలో గాలే మిగులుతుంది. గనిలో బాపు వాళ్ల పై అధికారి ఓవర్‌మన్, ఆయన భార్య బిందె అయినా ఇదే లెక్క. అందుకే మధ్యాహ్నం కూత పడితే కాలనీ మొత్తం ఉరికేది. తల దువ్వుకుంటున్నవాళ్లు దువ్వెన జుట్టులోనే ఉంచుకొని ఉరికేవారు. తన్నుకుంటున్న పిల్లలు తన్నులాట ఆపి ఉరికి, నీళ్లు పట్టాక మళ్లీ మొదలుపెట్టేవారు. నాకు నడక వచ్చింది మొదలు కాళ్లకు ఈ చదువే.

నేను బి.ఎడ్. చదువుతున్నప్పుడు హుజూరాబాద్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు, వాళ్లమ్మ, ఆయన మేనమామ. పొద్దున్నే వచ్చి పోతామన్నారు. బాపు తన రెండో షిఫ్టుకు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకొని కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నాడు. అవ్వ సర్వపిండి చేసింది. పొద్దంతా మా చిన్నమ్మ నాకు ఖాళీ పళ్లెం ఇచ్చి నడక నేర్పింది.

"నెత్తి వంచు. మెల్లగ నడువు. నీకు ఉరుకుడు అలవాటు, ఇయ్యాలొక్కనాడు ఉరకకు బిడ్డా" అన్నది.

తీరా వాళ్ల జీపు సుల్తానాబాద్ దాటాక పంక్చరైంది. వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నేను కర్టెన్ సందులోంచి చూశాను. పిల్లవాడి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. టైరు తనే మార్చాడట. మేనమామ కోపంగా చూస్తుంటే, ఆయన మాత్రం మా బాపు దగ్గరికి వచ్చి, "సబ్బున్నదానె మామా? గీ చేతులతోని మీ పిల్లను చూస్తే బాగుండదు" అన్నాడు. బొగ్గు కడుక్కోవడంలో ఆరితేరిన మా బాపు ఆ చేతులు చూసి మురిసిపోయి, తన సబ్బుబిళ్ల తెచ్చి ఇచ్చాడు. నాకు కర్టెన్ వెనకే ఆ మనిషి నచ్చేశాడు. అంతకుముందు వచ్చిన ఇద్దరూ ఎప్పుడు లేచి పోతారా అని చూశాను. ఈయన మాత్రం పోకూడదు, ఏం జరిగినా ఈ సంబంధం తప్పిపోకూడదు అని మా ఇంటి దేవుళ్లందరికీ మొక్కాను.

పళ్లెం పట్టుకొని, నెత్తి వంచి, చిన్నమ్మ నేర్పినట్టే నడిచాను. ఆయన ఒక సర్వపిండి ముక్క తీసుకున్నాడు. మేనమామ గొంతు సవరించుకున్నాడు.

"ఏం చదువుతున్నవమ్మా?"

"బి.ఎడ్."

"గా చదువుల ఏం చెప్తరు?"

"పిల్లలు ఎట్ల నేర్చుకుంటరో చెప్తరు."

"ఎట్ల నేర్చుకుంటరు?"

నేను నోరు తెరిచాను. గనిమీద సైరన్ మోగింది.

తర్వాత జరిగింది నేను చేశానని చెప్పడం కూడా అబద్ధమే. నా కాళ్లు చేశాయి. పళ్లెం పిల్లవాడి ఒళ్లో పడింది, కుచ్చిళ్లు పైకి ఎగిశాయి, వాకిలి వెనక్కి పోయింది. నల్లా దగ్గర నా బిందె మీద చెయ్యి పడి, సైరన్ ఆగాక గానీ నాకు ఒంటిమీద తెలివి రాలేదు. వెనక బిందె ముసలవ్వ నా జడలో పూలు చూసి, "ఓ పిల్లా, ఇయ్యాల నీ పెండ్లిచూపులు కాదె?" అన్నది.

ఇంట్లో కూర్చోబెట్టిన చుట్టాలు గుర్తొచ్చారు. తిరిగి పోదామంటే చెయ్యి బిందెను వదలడం లేదు. అంతలో రెండో బిందె పట్టుకొని అవ్వ ఉరికి వచ్చింది. ఆమె వెనకాల చిన్నమ్మ. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"నేనంటే ముసల్దాన్ని, మతి లేదు. నీకేమైందే?" అన్నది అవ్వ.

"ఇంట్ల ఎవరున్నరు మరి?"

"మీ బాపున్నడు."

ఆ మాట పూర్తి కాకముందే బాపు సైకిల్ మీద మా ముందునుంచే గని వైపు పోయాడు. హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్ ఊగుతోంది. సెలవు రోజు కాబట్టి అందులో అవ్వ ఏమీ కట్టలేదు. అవ్వ కేక వేసినా వినలేదు. ఖాళీ క్యారియర్ గలగలలాడుతూ మలుపు తిరిగింది.

నాకు ఏడుపు రావాలి, వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు నవ్వు వచ్చింది. అవ్వ నన్ను తిడుతూ తనూ నవ్వింది. చిన్నమ్మ అయితే నల్లా గద్దె మీద కూలబడింది. పిలిచి పీట వేసి కూర్చోబెట్టిన చుట్టాలను ఒంటరిగా వదిలి ఇల్లంతా ఖాళీ చేసి వచ్చాం. పోయింది సంబంధం, పోయిందని తెలుస్తూనే ఉంది, అయినా పొట్ట పట్టుకొని నవ్వుతున్నాం.

అప్పుడు సందు మొదట్లో పిల్లవాడు కనిపించాడు. చేతిలో మా బాత్రూం బకెట్. రొప్పుతూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"నువ్వెందుకు వచ్చినవ్?" అని అడిగాను. మీరు అనాలని కూడా తోచలేదు.

"తెల్వదు. అందరు ఉరుకుతుంటే నేను గూడ ఉరికిన. ఏమొస్తది ఈడ?"

"నీళ్లు."

"మంచిదాయె, బకెటే తెచ్చిన" అన్నాడు.

కొత్త చుట్టమని వెనక బిందె ముసలవ్వ వరుసలో చోటిస్తే, రెండు బిందెలు, ఒక బకెట్ నింపుకొని ఇల్లు చేరేసరికి మేనమామ చెప్పులు వేసుకొని నిలబడి ఉన్నాడు. "మనం కూసున్నంగనే ఇల్లంత ఖాళీ అయింది. ఇంతకన్న అవమానం ఏముంటదక్కా?" అంటున్నాడు. అదే సమయానికి బాపు సైకిల్ దిగాడు. ఎక్కడికి పోయావని ఎవరూ అడగకముందే, "టైరుల గాలి కొట్టిద్దామని పోయిన" అన్నాడు. చేతిలో క్యారియర్ ఎందుకో మాత్రం చెప్పలేదు.

కాబోయే అత్తమ్మ అప్పటికి పళ్లెం తన ఒళ్లోకి తెచ్చుకుని నింపాదిగా సర్వపిండి తింటోంది. తమ్ముడి వైపు చూసింది.

"కూసో తమ్మీ. తల వంచుకొని నడిచే పిల్లలను శానమందిని చూసినం. నీళ్లకు ఉరికే పిల్లను ఇయ్యాల్నే చూసిన. మన వాడకట్టుకు ట్యాంకరొస్తే నువ్వు సగం గీకిన గడ్డంతోని ఉరుకలే? యాదికున్నదా?"

మేనమామకు యాదికి వచ్చినట్టుంది. చెప్పులు విడిచి చాయ్ అడిగాడు. నాకు పెళ్లి కుదిరింది.

ఇక పాఠంలో రెండో సగం. తిండి పెట్టకుండా గంట మాత్రమే కొడుతూ పోతే, కొన్నాళ్లకు కుక్క ఆ గంటను పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని విరమణ అంటారు. మొన్న ఎండాకాలం సెలవుల్లో నేనూ ఆయనా మందమర్రి పోయాం. బాపు రిటైరై అదే ఊళ్లో సొంతిల్లు కట్టుకున్నాడు. నల్లా వంటింట్లోనే ఉంది, ఎప్పుడు తిప్పినా నీళ్లు వస్తాయి. అందరం అన్నం తింటున్నాం. మధ్యాహ్నం సైరన్ మోగింది. బాపు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. అవ్వ పప్పు వడ్డిస్తూనే ఉంది. ఎంగిలి చేత్తో లేచి నిలబడింది మేమిద్దరమే. నా సంగతి సరే. ఆ సైరన్‌కు ఆయన ఉరికింది జన్మలో ఒక్కసారి.

"నల్లా ఇంట్లనే ఉన్నది, కూసో బిడ్డా" అన్నది అవ్వ.

"ఎరుకే అత్తమ్మా" అంటూ ఆయన సిగ్గుపడి కూర్చున్నాడు. నేను ఊరుకోలేదు. ఏదైనా అలవాటు కావాలంటే మళ్లీమళ్లీ జరగాలని ఏటా పిల్లలకు చెప్పేదాన్ని నేను.

"ఒక్కసారికే ఎట్ల నేర్చుకున్నవ్? ఏమొస్తదో గూడ తెల్వకుండ ఉరికినోనివి" అన్నాను.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకొని, తల వంచుకొని, మా అవ్వకు వినపడకుండా చెప్పాడు.

"ఏమొస్తదని ఉరుకలే. నువ్వు పోతున్నవని ఉరికిన."