మిరప కొట్టు వెనకింట్లో గాలి

2023 ఎండాకాలం. జిల్లాలు చీలి మన ప్రకాశం కొత్తగా కుదురుకుంటున్న రోజులు. గిద్దలూరులో నేను ఏసీ మెకానిక్‌ని. లెక్కల సారుకూ నాకూ పడక ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినాను. ఇప్పుడు ఆయనింట్లో ఏసీ బాగుచేసేది నేనే. అట్ల ఇద్దరి లెక్కా సరిపోయింది.

బజారులో సుబ్బరాయుడు మామది ఎండుమిరపకాయల కొట్టు. ముందర కొట్టు, వెనక ఇల్లు. మధ్యలో తలుపు ఉంది గానీ దాన్ని మూయడం ఎవరూ చూళ్ళేదు. లోపల అన్నం తింటున్నా బేరం మీద ఒక కన్ను ఉండాలి కదా. ఆ కన్ను మామది కాదు, ఆయన భార్య కాంతమ్మత్తది. ఏ బస్తాలో రంగు పోయిన తాలుకాయ కలిసిందో కూచున్నచోటి నించే చెప్పేస్తుంది.

అట్లాంటి మనిషికి ఉబ్బసం పట్టింది. ఎండాకాలం మిరప ఘాటు, చలికాలం నల్లమల మీదనించి దిగే చలి. రెంటికీ ఊపిరాడదు. ఈ ఇల్లు వదిలి ఒంగోలులో తమ్ముడి దగ్గర ఉండమన్నాడు డాక్టరు. ఈ వేసవిలో తగ్గకపోతే పోవాల్సిందేనని ఇంట్లో తేల్చుకున్నారు. కొట్టు వదిలి అత్త ఏం చేస్తుందో, అత్త లేకుండా మామ ఏం చేస్తాడో మాత్రం ఎవరూ తేల్చలేదు.

మామ నన్ను పిలిపించి, "ఉన్నవాటిల్లో పెద్ద మిషను పెట్టబ్బా" అన్నాడు.

"పెద్దది పెడితే నీకు పేరొస్తుంది మామా. అత్తకు ఊపిరి రాదు."

ఆయన చూసిపెట్టుకున్న మిషను ఫ్యానుకు ఒకటే వేగం. గది చల్లబడితే ఆగిపోతుంది, వేడెక్కితే దబ్బున లేస్తుంది. ఆగినంతసేపూ దుమ్ము పట్టే ఫిల్టరుకు కూడా సెలవే. నేను చెప్పింది వేరియబుల్ స్పీడ్ ఎయిర్ హ్యాండ్లర్. పైకప్పు కింద దాక్కునే పెట్టె అది. గదుల్లో గాలిని లాగి, ఫిల్టరులో వడగట్టి, వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా డక్టుల్లోంచి, అంటే రేకు గొట్టాల్లోంచి, మళ్ళీ గదుల్లోకే వదులుతుంది. అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుంటుంది గానీ తిరగడం మానదు.

"పొద్దస్తమానం తిరిగితే కరెంటు బిల్లో?"

"దిగువమెట్ట ఘాట్‌లో లారీలను చూసినావు కదా. ఆపి ఆపి ఎక్కించేది ఎక్కువ తాగుతుందా, ఒకే పోకడన మెల్లగా పోయేది తాగుతుందా?"

మామ గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. మధ్య తలుపు మూసి ఉంచాలి అన్నాను. ఈసారి అత్త లేచింది.

"తలుపు మూస్తే కొట్టు ఎట్ల కనపడేది? దానికంటే ఒంగోలే నయం!"

"అద్దం తలుపు పెట్టిస్తాం అత్తా. దానంతట అదే మూసుకుంటుంది. నీకు అందరూ కనపడతారు. నీ అరుపులు మాత్రం మామకు వినపడవు."

"ఎప్పుడు పెడుతున్నావబ్బా?" అన్నాడు మామ గబుక్కున.

అన్నీ బిగించినాం. వారం తిరక్కముందే అత్త ఫోను, దగ్గుతోనే. "ఏందబ్బా నీ పెట్టె! రాత్రి బాగుంటది, పగలు మళ్ళీ అదే ఘాటు. నా వల్ల కాదు. వచ్చి తీసకపొమ్మని తమ్మునికి చెప్పేసినా."

పోయి చూస్తే హాల్లో గోడవారగా ఆమె సంచి సర్ది ఉంది. నా నోట జోకు రాలేదు. డక్టు అతుకులు చూసినాను, ఫిల్టరు చూసినాను, సెన్సరు చూసినాను. ఏ తప్పూ లేదు. దిక్కుతోచక టీ తాగుతూ వంటింటి గడపలో కూచున్నాను. హాల్లో మామ భోంచేసి, చెయ్యి కడుక్కుని, కొట్టులోకి పోతూ పోతూ గోడమీదున్న ఆ పెట్టె స్విచ్చు టక్కున ఆపినాడు. అటు చూడను కూడా చూళ్ళేదు. గది దాటితే లైటు ఆపే చెయ్యి అది. పుట్టినప్పటి నించీ వ్యాపారం చేసిన చెయ్యి.

"మామా, ఏంది ఆపినావు?"

"గదిలో ఎవురున్నారబ్బా? ఊరికే తిరగడం దేనికి?"

"నిద్రపోయేటప్పుడు నీకు మాత్రం పనేముంది? ఊపిరి ఆపేసి పడుకుంటున్నావా?"

వంటింట్లోంచి అత్త నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగేదాకా మామ స్విచ్చు దగ్గరే నిలబడినాడు. తలుపు తెరిచిన ప్రతిసారీ ఇంత ఘాటు లోపలికి వస్తుందని, మెల్లగానైనా గాలి తిరుగుతుంటేనే అది ఫిల్టరుకు చిక్కుతుందని చెప్పినాను. ఆయన స్విచ్చు వేసి, అట్టపెట్టెలకు వేసే టేపు తెచ్చి దానిమీద అంటించినాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "మీ తమ్ముడొస్తే అన్నం పెట్టి పంపించు," అన్నాడు. "ఒక్కణ్ణే."

నెలకు సర్వీసుకు పోయి పెరట్లో ఫిల్టరు కడిగినాను. నీళ్ళు ఎర్రగా పారినాయి. అత్త చూసి, "ఇదంతా ఇన్నేండ్లూ నా రొమ్ములోకే పోయిందా?" అంది, సన్నగా. మామ ఇంకో బకెట్ నీళ్ళు తానే మోసుకొచ్చినాడు.

అప్పట్నించి ఏ ఇంటికి మిషను ఎంచాలన్నా గోడలు కొలిచే ముందు ఆ ఇంట్లో ఒక పూట కూచుంటాను. ఎవరు ఏ తలుపు తీస్తారో, ఎవరి చెయ్యి ఏ స్విచ్చు మీదికి పోతుందో చూస్తాను. మధ్యలో అన్నం కూడా పెడతారు, అది వేరే సంగతి.

ఆ చలికాలం వాళ్ళ కొట్టుకు పోతే అత్త అద్దం వెనక కుర్చీ వేసుకుని కూచుంది, లోపల వెచ్చగా. ఏదో బస్తా చూపించి వేలితో అద్దం మీద కొట్టింది. మామ వెంటనే లేచి ఆ బస్తా పక్కన పెట్టించినాడు.

"ఆమె అరుపు వినపడదు కదా మామా, ఎట్ల తెలిసింది?"

"కనపడుతుంది కదబ్బా," అన్నాడు మామ. "అది చాల్లే."