చివరి గడిలో నేను రాసిన మాట

తొమ్మిదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ కనబడదు. పిల్లలకు ఆట నేర్పిస్తాను, నవ్వుతాను, ఇంటికి పోయి వంట చేస్తాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చినాను. ఊర్లు మార్చలేదు. అవి కూడా మార్చితే ఇది ఇంకెవరి కథో అయిపోయి, నేను మళ్లీ తప్పించుకుంటానని భయం.

నేను హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పిస్తాను. పిల్లలు పీడీ మేడమ్ అంటారు. ఒకప్పుడు ఫుట్‌బాల్ బాగానే ఆడినదాన్ని. ఆ పేరు మీదనే బెంగళూరులో ఆడవాళ్ల జట్టు నడిపే ఒక క్లబ్బు వాళ్లు నాకు ఇంకొక పని అప్పజెప్పినారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాలేజీల్లో ఆడే అమ్మాయిలను చూసి, ఎవరు పనికొస్తారో రాసి పంపాలి. స్కౌటింగ్ అంటారు దాన్ని.

గోల్స్ లెక్కబెట్టడమే ఈ పని అనుకుంటారు చాలామంది. గోల్ అందరికీ కనబడుతుంది, దానికి నేనెందుకు? నాకు పని నేర్పిన క్లబ్బు సార్ మైసూరు వైపు మనిషి, తెలుగులో సగం కన్నడం కలిపి మాట్లాడేవాడు. బంతిని చూడొద్దు, బంతి లేని పిల్లను చూడు అని మొదటి రోజే చెప్పినాడు. బంతి కాలికి రాకముందే తల తిప్పి చుట్టూ చూసుకుంటుందా? తప్పు పాస్ ఇచ్చినాక వెనక్కి పరిగెత్తుతుందా, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతుందా? ఒక్క మ్యాచ్ చూసి రాయకూడదు. ఓడిపోయేటప్పుడు కూడా చూడాలి. పాత దెబ్బలేమైనా ఉన్నాయేమో కనుక్కోవాలి. ఈ రోజు ఎంత బాగా ఆడుతుందనే దానికన్నా ఇంకో మూడేళ్లకు ఎంత ఎదుగుతుందనేదే క్లబ్బుకు ముఖ్యం. వీటన్నిటికీ ఒక ఫారంలో గడులు ఉంటాయి, పదికి మార్కులు వెయ్యాలి. చివరి గడికి మాత్రం మార్కులు లేవు. ఇల్లు వదిలి ఉండగలదా, ఇంట్లోవాళ్లు పంపుతారా? అది మాటల్లో రాయాలి.

ఆ ఏడాది మా వైపు నుంచి ఒక్క అమ్మాయినే తీసుకుంటామన్నారు. నా ముందర ఇద్దరు ఉన్నారు.

గాయత్రి మా కాలేజీ పిల్ల. రొళ్ల దగ్గర గొర్రెలు కాసుకునే వాళ్ల ఇంటి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. ఆమె కాలికి మొదటి బూట్లు కట్టింది నేనే. ఆదివారాలు మా ఇంట్లోనే తినేది. పరుగు పెడితే గాలి. బంతి అందుకున్నాక మాత్రం ఒక్క క్షణం ఆగి ఆలోచించేది, ఆ క్షణంలోనే ఎదుటివాళ్లు వచ్చి పడేవాళ్లు. మూడేళ్లు ప్రయత్నించినా ఆ క్షణాన్ని నేను తీసెయ్యలేకపోయినాను.

మాబున్ని ధర్మవరం పిల్ల. మొదటిసారి పెనుకొండ మైదానంలో చూసినాను. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేది. ఇదేమి ఆడుతుందిలే అనుకున్నాను. పది నిమిషాలయ్యేసరికి నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ పిల్లకు బంతి వచ్చేలోపల అది ఎక్కడికి పోవాలో తెలిసిపోయి ఉండేది. ఆ వయసులో నేను ఆడినది గుర్తుంది నాకు. ఇందులో సగం లేదు.

వాళ్ల నాయన పేరు దస్తగిరి. పరుపులు, దిండ్లు కుట్టే పని. పాప ఆడే ప్రతి మ్యాచ్‌కూ పాత మోపెడ్ మీద వచ్చేవాడు, తలలో దూది పీచులు అట్లే అంటుకుని ఉండేవి. ఆట ఆయనకు ఏమీ తెలియదు. ఎవరు గోల్ కొట్టినా చప్పట్లు కొట్టేవాడు, ఎదుటి జట్టు కొట్టినా సరే. పిల్లలందరికీ ఉప్పూకారం చల్లిన జామకాయలు కోసి తెచ్చేవాడు. మొదట ఎదుటి జట్టుకే పంచేవాడు, వాళ్లు దూరం నుంచి వచ్చినారు కదా అని. ఆ మనిషిని చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పటికీ తల్చుకుంటే నవ్వే వస్తుంది ముందు. తర్వాత మిగతాది వస్తుంది.

మూడో మ్యాచ్ హిందూపురంలో. ఆట అయినాక పిల్లలు కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటా ఉన్నారు. దస్తగిరి నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడినాడు.

"మేడమ్, మా పాప ఎట్లాడుతాది?"

బాగా ఆడుతుందన్నాను.

"నాకు ఆట తెల్దు మేడమ్. ఆయమ్మి ఆడేటప్పుడు మొగం చూస్తా ఉంటా. ఆ మొగం ఇంట్లో ఎప్పుడూ ఉండదు."

చివరి గడి కోసం నేను అడగాల్సింది అడిగినాను. బెంగళూరులో హాస్టల్లో ఉండాల, నిక్కరేసుకుని ఆడాల, టీవీలో కూడా చూపిస్తారు, పంపిస్తావా అని.

"ఎందుకు పంపను? మావాళ్లు నాలుగు మాటలంటారు. అననీ. నాలుగు దినాలు అని వాళ్లే ఊరకుంటారు. పాపకు ఈ వయసు పోతే మళ్లా యాడ తెచ్చేది మేడమ్? మీరు పిలిపించండి సాలు. నేనే తోడుకొని పోయి ఆడ దించి వస్తా. పండుకునేకి పరుపు గూడా నేనే కుట్టిస్తా."

ఈ మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే బతుకు తేలికగా ఉండేదేమో.

మరుసటి రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూంలో కూర్చుని ఫారాలు రాసినాను. మార్కులన్నీ నిజాయితీగానే వేసినాను. మాబున్నికి గాయత్రి కంటే బాగా ఎక్కువ వచ్చినాయి. నిజాయితీ అంటున్నాను గానీ, అది కూడా లెక్కేసుకున్న నిజాయితీయే. సార్ మ్యాచ్ వీడియోలు తెప్పించుకుని చూస్తాడు, మార్కులు తగ్గిస్తే కనిపెడతాడు. చివరి గడి ఏ వీడియోలోనూ ఉండదు. అక్కడ ఇట్లా రాసినాను: "ఇంట్లోవాళ్లు పంపడం అనుమానమే."

రెండు రోజులకు సార్ ఫోన్ చేసినాడు. ఇంత మంచి పిల్లను వదులుకోవాలా, కావాలంటే నేనే ధర్మవరం వచ్చి వాళ్ల నాయనతో మాట్లాడతాను అన్నాడు. అక్కడ ఆగిపోయి ఉండొచ్చు నేను. రండి సార్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా?

"వాళ్ల ఇండ్లల్లో సంగతి మీకు తెలుసు కదా సార్."

ఆయన ఒక నిట్టూర్పు విడిచి, హౌదమ్మా, నిజమే అని ఫోన్ పెట్టేసినాడు. మళ్లీ అడగలేదు. అడగడని నాకు తెలుసు. సాయిబుల ఇంటి పిల్ల, నాయన పంపడంట అంటే ఈ దేశంలో రుజువు అడిగేవాళ్లెవరు? నా అబద్ధానికి కాళ్లు నేను తయారు చెయ్యాల్సిన పని లేకపోయింది. అవి జనం మనసుల్లో ముందే ఉన్నాయి. నేను వాటిమీద నిలబెట్టినాను, అది నడిచిపోయింది.

గాయత్రి పోయింది. ఆ పిల్ల తప్పు ఇందులో ఇసుమంత కూడా లేదు, ఆమెకు ఈ సంగతే తెలియదు. రెండు సీజన్లు ఆ జట్టులో ఉండింది, ఎక్కువ మ్యాచ్‌లు బయట బెంచీ మీదే కూర్చుంది. ఆ ఆటపేరు మీదే ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు బాగుంది. పండగలకు ఫోన్ చేసి, మేడమ్ మీ వల్లే అంటుంది. ఆ మాటకు సంతోషపడతాను కూడా. అదేమి మనసో నాది.

దస్తగిరి ఒక్కసారి అడిగినాడు, పిలుపేమన్నా వచ్చిందా మేడమ్ అని. ఈసారి వాళ్లకు ముందర ఆడే పిల్ల కావాలంట అని చెప్పినాను. ఆయన తల ఊపి, మా పాప మధ్యలో ఆడుతాది కదా, నిజమే అన్నాడు. నాకే ఓదార్పు చెబుతున్నట్టు చెప్పినాడు.

ఎందుకు చేసినాను? చాలా ఏండ్లు నాకు నేను చెప్పుకున్న జవాబు, గాయత్రి మీద ప్రేమ. నా చేతుల్లో పెరిగిన పిల్ల, గొర్రెల వెనక పోవాల్సిన పిల్ల, ఒక దారి చూపించాలని. వినేకి బాగుంటుంది ఆ జవాబు. అది అబద్ధం కూడా కాదు. కానీ అది పైపొర మాత్రమే. దాని కింద ఏముందో తవ్వి చూడ్డానికి నాకు ధైర్యం చాలా ఆలస్యంగా వచ్చింది.

నేను డిగ్రీ చదివేటప్పుడు నాక్కూడా ఒక పిలుపు వచ్చింది. పెద్ద జట్టు ఎంపికకు నెల రోజుల క్యాంపు. ఆ కాగితం పట్టుకుని ఎగురుకుంటా ఇంటికి పోయినాను. నాయన అన్నం తింటా ఉన్నాడు. తల పైకెత్తకుండా వద్దులే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ముద్ద కలుపుకుంటానే అన్నాడు. మా నాయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే మంచం దగ్గర నుంచి కదిలేవాడు కాదు, నేను ఉద్యోగంలో చేరిన రోజు వీధంతా మిఠాయి పంచినాడు. పోయే ముందు వరకూ నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆ ఒక్క మాట గురించి నేను ఆయన్ను ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

అట్లాంటిది ఆ రోజు మైదానంలో, తలలో దూది పెట్టుకుని ఒక మనిషి నిలబడి, పరుపు గూడా నేనే కుట్టిస్తా అన్నాడు. చదువు లేని మనిషి, ఆట తెలియని మనిషి. మా నాయన నా కోసం అనాల్సిన మాటలన్నీ ఈయన తన బిడ్డ కోసం అంటున్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు వచ్చినాయి. ఆ నీళ్లు సంతోషానివే అనుకున్నాను అప్పుడు. కాదని ఇప్పుడు తెలుసు. నేను ఈర్ష్యపడింది మాబున్ని ఆటను చూసి కాదు. వాళ్ల నాయనను చూసి. నలభై ఏండ్లు దగ్గర పడిన ఆడమనిషి, పంతొమ్మిదేళ్ల పిల్లకు మంచి నాయన ఉన్నాడని ఓర్వలేకపోయింది. మా నాయన చేసిన పనిని తీసుకపోయి దస్తగిరి పేరు మీద రాసింది.

ఇప్పుడు కూడా ఆ క్లబ్బుకు పిల్లలను చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. తాడిమర్రి అయినా, బత్తలపల్లి అయినా, ప్రతి పిల్ల ఇంటికీ పోయి, తల్లిదండ్రులు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే ఆ గడిలో రాస్తాను. దీంతో పాత తప్పు చెల్లిపోతుందని కాదు. చెల్లదు.

మాబున్ని బీపీఈడీ చదివి, ధర్మవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచర్ అయింది. పెళ్లయింది, ఒక కూతురుంది. నా మీద ఆమెకు ఎంత గౌరవమో చెప్పలేను. తన దగ్గర ఆడిన పిల్లలు కాలేజీకి పోయినాక, మీరు ఒకసారి చూస్తే చాలు మేడమ్ అని నా దగ్గరికి తీసుకొస్తుంది. పోయిన నెల ఒక పొద్దున పెనుకొండకు ముగ్గురిని తీసుకొచ్చింది. దస్తగిరి కూడా వచ్చినాడు. జుట్టంతా నెరిసిపోయింది, దూది ఏదో వెంట్రుక ఏదో తెలియడం లేదు. పిల్లలు ఆడుతా ఉంటే నా పక్కన కూర్చుని చాలాసేపు చూసి, మెల్లగా అడిగినాడు.

"మేడమ్, ఒక మాట. అప్పుడు ముందర ఆడే పిల్ల కావాలంటిరి, సరే. అది గాక మా పాపలో ఏమి తక్కువయింది? బాధపడి అడగడం లేదు. తెలిస్తే పాప అది ఈ పిల్లలకు నేర్పిస్తాది."

మాబున్ని అవతలి పక్కన కూర్చుని నా వైపే చూస్తా ఉంది. అలక లేదు ఆ చూపులో. నోట్సు రాసుకునే పిల్ల చూపు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచినాను. బయటికి వచ్చింది మాత్రం ఇది: ఎడమ కాలు కొంచెం బలహీనం అని.

మరుసటి వారం మాబున్ని ఒక వీడియో పంపింది. స్కూలు గోడ ముందర పదిమంది పిల్లలు వరసగా నిలబడి, ఎడమ కాలితో మాత్రమే బంతి కొడతా ఉన్నారు. రోజూ బడికి అరగంట ముందే వస్తున్నారంట. వాళ్లలో చిన్నది బంతి తప్పి కిందపడి, లేచి నవ్వుతూ మళ్లీ నిలబడింది. మీరు చెప్పిందే మేడమ్ అని కింద రాసింది.

ఆ వీడియో చూసినాకే ఇది రాయడం మొదలుపెట్టినాను. ఈ కాగితం మాబున్నికి ఇస్తానా? తెలియదు. ఆమె కోపం చేసుకుంటుందని కాదు భయం. ఆ కోపం నాకు తగిందే. దస్తగిరి మాత్రం ఇదంతా విని, పోనీలెండి మేడమ్ అంటాడు. అంటాడని నాకు ఖచ్చితంగా తెలుసు. ఆ మాట తీసుకునే యోగ్యత నాకు లేదు. ఇయ్యమని ఆయన్ను అడిగే హక్కు అసలే లేదు.

ఆయన అడిగినదానికి ఇక్కడైనా సరైన జవాబు రాస్తాను.

మాబున్నిలో ఏ తక్కువా లేదు. పంపిస్తానని వాళ్ల నాయన నాతోనే చెప్పినాడు. పంపడని రాసింది నేను.